కోటుకి పిన్ను, మెడలో అట్ట

దుబాయ్‌లో, జెబెల్ అలీలోని మా ఆఫీసుకి కొత్తగా వచ్చిన ఐర్లండ్ ఆవిడ కోటుకి ఉంగరంలాంటి చిన్న పిన్ను ఉంది. ఏమిటని అడిగాను.

"నాతో ఐరిష్‌లో మాట్లాడొచ్చని గుర్తు. మా భాష మాట్లాడేవాళ్లు తగ్గిపోయారు. మళ్లీ జనం చేత మాట్లాడించాలని అక్కడ ఇలాంటివి చాలా చేస్తున్నారు," అంది.

నా చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది.

మన నెల్లూరు కాన్వెంట్ బ్యాచ్ వాళ్లూ, గుర్తుందా మన మెడల్లో వేసిన ఆ అట్ట? 'నేను తెలుగు మాట్లాడను' అని ఇంగ్లీషులో రాసి, పురికొస కట్టిన అట్ట? మెడంతా ఒకటే దురద. చెమటకి సిరా కారి తెల్లచొక్కాకి అంటుకునేది. తెలుగు మాట్లాడుతూ ఇంకొకరు దొరికితే వాళ్ల మెడలోకి మారేది. ఆఖరి బెల్లుకి ఎవరి మెడలో ఉంటే వాళ్లకి స్కేలు దెబ్బలు.

ఒకరోజు ఆఖరి పీరియడ్‌లో అది నా మెడలో ఉంది. పక్కనున్న షమీమ్‌ని గట్టిగా గిల్లాను.

"అబ్బా! ఏందే నీకు?" అని అరిచింది.

అట్ట తీసి దాని మెడలో వేసేశాను. కళ్లలో నీళ్లు చూసి ఉండబట్టలేక, "నొప్పి పుట్టిందా మే?" అన్నాను, తెలుగులోనే.

అట్ట తిరిగి నాకు వేసెయ్యడానికి ఆ ఒక్క మాట చాలు. షమీమ్ పురికొస మీద చెయ్యి వేసింది, నన్ను చూసింది, తియ్యలేదు. బెల్లు కొట్టాక లేచి వెళ్లి టీచరు స్కేలు ముందు చెయ్యి చాపింది.

షమీమ్, నువ్వు షార్జాలోనే ఉన్నావట. ఇది నీ దాకా వస్తే ఫోన్ చెయ్. ఆ రోజు నేనడిగినదానికి నువ్వింకా జవాబు చెప్పలేదు.