రోజుకు తొమ్మిది గ్లాసుల టీ

రాష్ట్రం విడిపోయిన నాలుగేళ్లకు, వేసవి బదిలీల్లో నన్ను జమ్మలమడుగు నుంచి వేముల వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వేశారు. హోదా హెల్త్ సూపర్‌వైజర్. ఏఎన్ఎంగా ఇరవై ఏళ్లకు పైగా చేసిన తర్వాత వచ్చే ప్రమోషన్ అది. నా కింద ఆరు సబ్‌సెంటర్లు, ఒక్కోదానికి ఒక ఏఎన్ఎం, ఊరూరా ఆశా కార్యకర్తలు. నా పైన మెడికల్ ఆఫీసరు. సూపర్‌వైజరు మందు రాయకూడదు, మోతాదు మార్చకూడదు. కింది సిబ్బంది చూడాల్సింది చూశారా, రాయాల్సింది రాశారా అని సరిచూసి పైకి చెప్పాలి. కాన్పులు, టీకాల పనిలో నన్ను తప్పుపట్టేవాళ్లు లేరు. ఆ పోస్టింగులో కొత్తగా వచ్చి పడింది షుగర్ పని.

ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఇంటిదగ్గరే బీపీ, షుగర్ చూడమని అప్పుడే ఆదేశాలు వచ్చాయి. వేలికి సూది గుచ్చి, స్ట్రిప్పు మీద రక్తం చుక్క పెడితే మిషన్ అంకె చూపిస్తుంది. అంకె ఎక్కువుంటే ఆ మనిషిని మరునాడు పరగడుపున సెంటరుకు పంపాలి. ఇంతవరకు అందరూ చేస్తారు. షుగర్ తేలినవాళ్ల పాదాలు కూడా చూడాలన్న నిబంధన ఒకటుంది. దాన్ని మాత్రం చాలామంది వదిలేస్తారు. ఊళ్లో పెద్దవాళ్లను చెప్పులు విడవమని, పాదం చేతికివ్వమని అడగడం మా ఏఎన్ఎం పిల్లలకు ఇబ్బంది. నేను వదలనిచ్చేదాన్ని కాదు.

అలా నా చేతికి వచ్చిన పాదం చెన్నారెడ్డిది. ఊరి పేరు రాయను, ఆయన అసలు పేరూ ఇది కాదు. అరవై దాటిన మనిషి, పన్నెండెకరాల చీనీ తోట, అంటే బత్తాయి. సర్పంచ్ కాదు గానీ ఊళ్లో గట్టు తగాదా వచ్చినా, అన్నదమ్ములు వేరుపడినా ముందు ఆయన దగ్గరికే పోతారు. షుగర్ ఉన్నట్టు ఆయనకు రెండేళ్లుగా తెలుసు. బిళ్లలు మింగుతున్నాడు. బయట ఎవరికీ చెప్పలేదు.

ఆయనను మంచం మీద కూర్చోబెట్టి కళ్లు మూసుకోమన్నాను. సన్నని నైలాన్ దారాన్ని అరికాలికి ఆనించి, వంగేదాకా నొక్కి, తగిలినప్పుడల్లా చెప్పమనాలి. స్పర్శ బాగున్నవాళ్లు వెంటనే చెబుతారు. నేను పది చోట్ల నొక్కాను. ఆయన రెండు చోట్లే చెప్పాడు. చిటికెన వేలి కింద నల్లటి చుక్క కనబడింది. చీనీ ముల్లు చెప్పులోంచి దిగి లోపలే విరిగింది. ఎన్నాళ్లయిందని అడిగితే, యాడ ముల్లు అని ఆయనే నన్ను అడిగాడు.

మెడికల్ ఆఫీసరు ముల్లు తీసి, చీము శుభ్రం చేసి, ఇన్సులిన్ మొదలుపెట్టారు. రోజు మార్చి రోజు డ్రెస్సింగు. ఇరవై రోజులకు కూడా పుండు పూడలేదు. పరగడుపు షుగర్ రెండు వందల ఎనభై దగ్గరే ఆడుతోంది. ఇన్సులిన్ మోతాదు రెండుసార్లు పెంచారు. ప్రొద్దుటూరులో సర్జన్‌కు చూపిస్తే, చిటికెన వేలు తీసేయాలి, షుగర్ ఇలాగే ఉంటే తర్వాత పాదం గురించి మాట్లాడుకోవాల్సి వస్తుందని ఆయన నిర్మొహమాటంగా చెప్పారు.

మాకు ఒక పద్ధతి ఉంది. నిన్న నిద్ర లేచింది మొదలు పడుకునే దాకా ఏం తిన్నారో వరసగా అడిగి రాసుకోవడం. చెన్నారెడ్డి ఇంట్లో కూర్చుని అలా రాశాను. పొద్దున రెండు జొన్నరొట్టెలు, వంకాయ కూర. మధ్యాహ్నం రాగి సంగటి, పప్పు. రాత్రి మళ్లీ సంగటి. సంగటి తింటే షుగర్ రాదని ఆ ఊళ్లో అందరి నమ్మకం. ముద్ద ఎంతని అడిగితే ఆయన భార్య లక్ష్మీదేవమ్మ రెండు చేతులూ కలిపి చూపించింది. రాగి మంచిదే, కానీ అంత ముద్దయితే అదీ షుగర్ పెంచుతుందని చెప్పి, ముద్ద సగం చేయించాను. ఆ మిగిలిన జాగాలో ఆకుకూర పప్పు, అలసందలు, వేరుశనగ పచ్చడి, అదే చెనిక్కాయల ఊర్బిండి పెట్టమన్నాను. ఆమె అక్షరం పొల్లుపోకుండా చేసింది. వారం తర్వాత అంకె కొంచెం దిగి అక్కడే ఆగింది.

అప్పుడు నేనొక తప్పు చేశాను. లక్ష్మీదేవమ్మ దాచిపెట్టి తీపి పెడుతోందని అనుకుని, ఇంటికి పోయి ఆమెను కటువుగా అడిగాను. ఓళిగలు చేశావా, పాయసం చేశావా, నిజం చెప్పు అన్నాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత మాట మాత్రం గట్టిగానే అంది.

“నా చేతి కూడు మూడు పూట్లే సిస్టరమ్మా. తక్కినేళంతా ఆయప్ప ఊర్లోనే ఉంటాడు. ఆడ ఏం తాగుతాండాడో నన్నడిగితే నేనేం చెప్పేది?”

తాగుతాండాడో అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. నా కాగితంలో తిన్నదే ఉంది, తాగింది లేదు. ఆమెకు అక్కడే క్షమాపణ చెప్పి బయటికి వచ్చాను.

ఆ ఊరి ఆశా కార్యకర్త మేరమ్మది క్రైస్తవుల పేట. రెడ్డి ఎక్కడెక్కడ టీ తాగుతాడని అడిగితే ఆమె వేళ్లు మడుస్తూ లెక్క చెప్పింది. పాల కేంద్రం దగ్గర ఒకటి, తోటలో ఒకటి, అంగడి దగ్గర రెండు, కోడలి పుట్టింట్లో ఒకటి. పేటలోనే నాలుగు. మొత్తం తొమ్మిది. గ్లాసుకు చక్కెర ఎంతని అడిగితే, పెద్దాయనకు గదా, మూడు చెంచాలకు తక్కువ ఎవరూ వెయ్యరని అంది. ఇంటికి పోయి ఆ చక్కెర తూకం వేసి చూశాను. దగ్గర దగ్గర అరపావు, నూట ఇరవై గ్రాములు. ఒక మనిషి, ఒక రోజు, అరపావు చక్కెర తాగుతున్నాడు. తిండి కాదు కాబట్టి అది ఆయన లెక్కలోకీ రాలేదు, నా లెక్కలోకీ రాలేదు.

మరునాడు డ్రెస్సింగు దగ్గర ఆయనకు ఈ సంగతి చెప్పి, ఇక మీద ఎవరిచ్చినా టీ వద్దనమన్నాను. నా సర్వీసంతా జనానికి నేను చెప్పిన మాట అది. వద్దనండి. ఆయన కట్టు వైపు చూశాడు.

“అంగడి టీ మానేస్తా. తోటలో మానేస్తా. పేటలో మాత్రం నావల్ల కాదు,” అన్నాడు. “మా నాయన ఆ పేట గడప తొక్కల్యా. నేను తొక్కినా. సంతోషమ్మ ఇంట్లో తొలీత టీ తాగినప్పుడు మావాళ్లు నెల దినాలు నాతో మాట్లాడల్యా. ఈ పొద్దు వద్దంటే వాళ్లేమనుకుంటారు? రెడ్డికి మళ్లీ అంటు పుట్టిందనుకోరా? కాలు పోతే పోనీ సిస్టరమ్మా. ఆ మాట నేను పడలేను.”

మాదీ అలాంటి పేటే, జమ్మలమడుగు దగ్గర. మా తాత మిషన్ బడిలో చదువుకున్నాడు, మా నాన్న టీచరు. అయినా నా చిన్నప్పుడు కొన్ని ఇళ్లలో మా నాన్నకు టీ అరుగు కిందే ఇచ్చేవాళ్లు. ఆ గ్లాసు చూరులో వేరుగా ఉండేది. తాగి, కడిగి, మళ్లీ చూరులోనే పెట్టి వచ్చేవాడు. ఆ గ్లాసును చూసిన దాన్ని, ఈయనతో పేటలో టీ వద్దనమని ఎలా చెప్పను? నేను ఆయన మొండితనం అనుకున్నది మొండితనం కాదని అర్థమైంది. కానీ పాదం మాత్రం కుళ్లుతోంది.

రెండు రోజులు ఆలోచించి ఆయనకు ఒక మాట చెప్పాను. టీ వద్దనే పని లేదు, చక్కెర వద్దంటే చాలు. దానికి కారణం చెప్పాలి, అంటే జబ్బు సంగతి చెప్పాలి. రోగి ఒప్పుకోకుండా జబ్బు బయటపెట్టకూడదన్నది మా ఉద్యోగంలో గట్టి నియమం. అందుకే ఆయన్నే చెప్పమన్నాను. ఆయన ఒప్పుకోలేదు. షుగరోడని తెలిస్తే పంచాయితీలో నా మాట ఎవరింటారు అన్నాడు. నేనూ పట్టు వదల్లేదు. పేట చర్చి హాల్లో శనివారం స్క్రీనింగు పెడుతున్నాం, మీరు వచ్చి మొదట వేలు చాపండి, తర్వాత చెప్పడమా మానడమా మీ ఇష్టం అన్నాను.

శనివారం పొద్దున ఎనిమిదికి మిషన్లు, స్ట్రిప్పులు, రిజిస్టరు సర్దుకుని కూర్చున్నాం. పేట ఆడవాళ్లు ముప్పై మంది దాకా వచ్చారు. తొమ్మిదయినా ఆయన రాలేదు. రాడనే అనుకుని మొదటి పేరు పిలవబోతుంటే, కర్ర పట్టుకుని, కట్టు కాలితో హాల్లోకి వచ్చాడు. కుర్చీలో కూర్చుని వేలు చాపాడు. మిషన్ చూపిన అంకె నేను పైకి చదవలేదు, రిజిస్టరులో రాసుకున్నాను. ఆయనే మిషన్ చేతిలోకి తీసుకుని, అంకె పైకి చదివి వినిపించాడు. నూరు, నూటిరవై ఉండాల్సింది ఇంత ఉంది, దీనివల్ల వేలు తీస్తామంటున్నారు, దీనికి సగం కారణం టీలో చక్కెర అని చెప్పాడు.

ముందు వరసలో కూర్చున్న సంతోషమ్మ లేచింది. మేరమ్మ అత్త ఆమె, డెబ్బై ఏళ్ల మనిషి. ఆయన తొలిసారి టీ తాగింది ఆమె ఇంట్లోనే.

“ఏం రెడ్డీ, మా టీ నీ కాలు తింటాందని ఒక్క మాట చెప్పకపోతివే.”

“చెప్తే మీరు ఇంకోరకంగా అనుకుంటారని చెప్పల్యా సంతోషమ్మా.”

“అనుకునేది మేము గదా. మమ్మల్ని అడగల్ల. నీకు నువ్వే అనుకుంటే ఎట్లా?” అంది. “మజ్జిగ తాగుతావో, చక్కెర లేని టీ తాగుతావో చెప్పు. మా ఇంట్లో ఏదో ఒకటి తాగే పోవల్ల,” అని కూర్చుంది.

ఆయన తల వంచుకుని, మజ్జిగ తాగుతానని చెప్పాడు.

నేను వేసుకున్న పథకంలో ఈ మాటలు లేవు. ఆయన వాళ్ల గౌరవం కాపాడుతున్నానని అనుకున్నాడు. నేను ఆయనకు సాయం చేస్తున్నానని అనుకున్నాను. అడగాల్సింది వాళ్లనని మా ఇద్దరికీ తట్టలేదు.

ఆ రోజు సంతోషమ్మే రెండో వేలు చాపింది. ఆమెకూ షుగర్ తేలింది. ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఆ తర్వాత ఒక్కరు కూడా సూదికి భయపడి వెనక్కి పోలేదు.

చక్కెర ఒక్కసారిగా మానిపిస్తే నాలుగు రోజుల్లో మళ్లీ మొదటికే వస్తారని నాకు అనుభవం. అందుకని వారానికి అర చెంచా చొప్పున తగ్గించమన్నాం. మూడు చెంచాల మనిషి ఒకటికి రావడానికి నెల పడుతుంది. ఆ లోపు నాలుక అలవాటుపడుతుంది. చక్కెర బదులు బెల్లం వేస్తే సరిపోతుందా అని చాలామంది అడిగారు. షుగరుకు రెండూ ఒకటేనని ఇంటింటికీ తిరిగి చెప్పడం మేరమ్మ పని. ఆమె ప్రతి ఇంట్లో ఆ ఇంటి చెంచాతోనే కొలిచి చూపించేది. ఆదివారం ఆరాధన తర్వాత ఇచ్చే టీలో చక్కెర కలపడం మానేసి, గిన్నెలో వేరుగా పెట్టడం మొదలుపెట్టారు. ఎవరి చేత్తో వాళ్లే వేసుకోవాల్సి వచ్చేసరికి వేసుకునేది తగ్గింది. పిల్లలకు బిస్కెట్ల బదులు ఉడకబెట్టిన చెనిక్కాయలు, అలసంద గుగ్గిళ్లు ఇచ్చారు. ఊళ్లో రెడ్ల ఇళ్లకు ఈ పద్ధతి పేట నుంచే వెళ్లింది. లక్ష్మీదేవమ్మ పేటకు వచ్చి మేరమ్మ దగ్గర కొలత నేర్చుకుని పోయింది.

చెన్నారెడ్డి పరగడుపు షుగర్ మూడు వారాల్లో నూట డెబ్బైకి, రెండో నెల చివరికి నూట ముప్పైకి వచ్చింది. మెడికల్ ఆఫీసరు ఇన్సులిన్ మెల్లగా తగ్గించారు. వేలు మాత్రం దక్కలేదు. అప్పటికే కుళ్లు ఎముకకు పాకింది కాబట్టి ప్రొద్దుటూరులో తీసేశారు. పాదం దక్కింది. గాయం మానడానికి నెలన్నర పట్టింది, ఆ నెలన్నర డ్రెస్సింగు చాలావరకు నేనే చేశాను. షుగరోడి మాట ఎవరూ వినరన్న ఆయన భయం కూడా వట్టిదే అయింది. నేను ఆ సెంటరులో ఉన్నంతకాలం ఊరి తగాదాలు ఆయన దగ్గరికే వచ్చాయి. ఒకసారి పేటలో పైపు గొడవకు ఆయన సంతోషమ్మ అరుగు మీద కూర్చుని ఉంటే చూశాను. ఇద్దరి చేతుల్లోనూ మజ్జిగ గ్లాసులున్నాయి. గొడవ మాత్రం గట్టిగానే జరుగుతోంది.

నా సర్వీసులో కాన్పులు కష్టమైన తల్లులను గట్టెక్కించిన రోజులున్నాయి. వాటికి మెప్పు కూడా దొరికింది. ఈ పనికి రిజిస్టరులో ఒక గడి కూడా లేదు. అయినా సర్వీసులో ఏం చేశావని ఎవరైనా అడిగితే మొదట ఇదే చెబుతాను.

రిటైరయ్యే ముందు రెండేళ్లు, కొత్త ఏఎన్ఎంలకు పులివెందులలో శిక్షణ తరగతులు చెప్పమని నన్ను పిలిచారు. తిండి వివరాలు రాసే పద్ధతి నేర్పేటప్పుడు వాళ్లకు మూడు విషయాలు చెప్పేదాన్ని. తిన్నదే కాదు, తాగింది కూడా అడగండి. ఏం తాగారన్న తర్వాత, ఎవరింట్లో అని అడగండి. అక్కడ వద్దనడానికి వీలుంటుందా అని కూడా అడగండి. వీలుండదని చెబితే, రోగికి సలహా చెప్పి లాభం లేదు. ఆయన అనుమతి తీసుకుని, ఆ ఇంటికి వెళ్లి వాళ్లనే అడగాలి.