రెండో అంతస్తు మలుపు

అబిడ్స్‌లో మా ఇల్లు మూడో అంతస్తు. లిఫ్టు లేదు. పాతకాలపు మెట్లు, ఒక్కొక్కటీ ఎత్తు. గన్‌ఫౌండ్రీలో లెక్కల గుమస్తాగా చేసి రిటైరయ్యాక కూడా పొద్దున్నే నాంపల్లి స్టేషన్ దాకా నడిచి వచ్చి, ఆ మెట్లు ఎక్కడా ఆగకుండా ఎక్కేదాన్ని. ఎంతసేపు పట్టిందో కేలెండర్‌లో ఆ తేదీ కిందే రాసుకునేదాన్ని. రెండో అంతస్తులో ఉండే మా తోటికోడలు వెనకాల రొప్పుతూ వచ్చేది. ఆమె కోసం ఆగేదాన్ని కాదు.

"నీతోని నడిస్తే పెండ్లి ఊరేగింపే చెల్లె" అనేదాన్ని.

పోయిన వానాకాలం జ్వరం పట్టుకుంది. దవాఖాన, ఆ తర్వాత మంచం, కలిపి ఎనిమిది వారాలు. లేచేసరికి తొడలు నావి కానట్టు సన్నబడిపోయాయి. కొడుకు సూటిగానే చెప్పాడు.

"దీపావళి దాకా చూస్తమమ్మా. నువ్వు ఆగకుంట ఎక్కితే ఈడనే ఉందం. లేకుంటే ఇల్లు ఖాళీ చేసుడే."

దవాఖానవాళ్లు పంపిన, కసరత్తులు నేర్పే అమ్మాయి ముందు ఇంట్లోనే నడవమంది, వారం వారం కొంచెం పెంచమంది. అది ఎన్నడూ నడవనివాళ్లకు చెప్పే మాట అనుకున్నాను. పాత సంవత్సరం చివరి నిల్వను కొత్త పుస్తకంలో మొదటి వరుసన వేసినట్టు, ఆపిన చోటి నుంచే మొదలుపెట్టాను. తోటికోడలిని వెంటబెట్టుకుని, పాత వేగంతోనే నాంపల్లికి.

వెళ్లడం వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు పిక్కలు బిగుసుకుపోయాయి. మెట్లెక్కుతుంటే తొడల్లో వణుకు. రెండో అంతస్తు మలుపులో గోడ పట్టుకుని, చెప్పులో రాయి పడిందంటూ వంగాను. రాయి లేదు.

నేను మంచంలో ఉన్నన్నాళ్లూ తోటికోడలు ఒక్కతే నడిచింది. ఇప్పుడు ఆమెకు ఊపిరి కూడా పెరగలేదు. నన్నొకసారి చూసి, ఆయాసపడుతున్నట్టు తన గుమ్మం ముందు కూలబడింది.

"జర ఆగక్కా! దమ్మొస్తుంది నాకు."

పైనుంచి కొడుకు తొంగి చూశాడు. "ఆగినవా అమ్మా?"

"మీ అమ్మ ఏడ ఆగుతది బిడ్డా? నేనే ఆపిన. నన్ను గుంజుకపోతుంది పోలీసోని లెక్క!"

ఆమె నుదుటి మీద చెమట చుక్క లేదు. నిజంగా రొప్పిన రోజుల్లో ఆమె కోసం ఒక్క నిమిషం నిలబడలేదు నేను. ఆ మనిషి అబద్ధం మీద ఇల్లు నిలబెట్టుకోవాలా? తల ఎత్తలేకపోయాను.

"లేదురా, నేనే ఆగిన. కాళ్లు రాలె" అన్నాను.

కొడుకు దిగివచ్చి నా రెక్క పట్టుకున్నాడు. పక్కింటివాళ్లు తలుపు సందులోంచి చూస్తుండగా, పసిపిల్లలా మిగిలిన మెట్లు ఎక్కాను.

కసరత్తుల అమ్మాయి విని నవ్వింది. "ఒకసారి అలవాటైన కండ కొత్తదానికన్నా జల్దీ దారికొస్తదమ్మా. కాకపోతే కిందినుంచే రావాలె."

మర్నాటి నుంచి వరండాలో నడిచాను. తర్వాత గల్లీ చివరిదాకా, ఆ తర్వాత బస్టాపు దాకా. కాళ్లలోకి బలం నిజంగానే తిరిగి వచ్చింది, నేననుకున్న రోజుకు మాత్రం కాదు.

దీపావళి ముందురోజు మెట్లెక్కుతున్నాం. రెండో అంతస్తు మలుపుకు వచ్చేసరికి ఇంకా ఎక్కే ఊపిరి ఉంది నాలో. వెనక తోటికోడలు చతికిలబడింది. "నువ్వు పో అక్కా, దమ్మొస్తుంది."

పైన కొడుకు చూస్తున్నాడు. అయినా ఆగాను. ఆమె లేచేదాకా నిలబడి, ఇద్దరం కలిసి పైకి వెళ్లాం.

"నువ్వు ఆగింది చిన్నమ్మ కోసమే గద. ఈడనే ఉందం తియ్" అన్నాడు కొడుకు.

ఆమెకు నిజంగానే దమ్ము వచ్చిందా, నాకు ఆగే సాకు ఇవ్వడానికే కూర్చుందా? అడగడానికి ఈ రోజు వరకూ నాకు ముఖం చెల్లలేదు.