ఎడమ బూటు ముడి

నా కొడుకు పోయిన కబురు నాకు ముక్కలు ముక్కలుగా అందింది. ఇంటి దగ్గర, "జారి పడ్డడు పెద్దమ్మా, చిన్న దెబ్బే" అన్నారు. దారిలో, "భద్రాచలం దవాఖానల చూపిస్తున్నరు" అన్నారు. దవాఖానా గేటు దగ్గరికి వచ్చాక ఎవరూ ఏమీ అనలేదు. కబురు తెచ్చినవాడు వాడి స్నేహితుడే, మణుగూరు కాలనీలో కరెంటు పని చేసే పిల్లాడు. మొదటి మాటే అబద్ధం చెప్పినవాడి మిగతా మాటలు నేనెట్లా నమ్మాలి?

నేను మూడో తరగతితో బడి మానేసిన మనిషిని. అయినా వాడి గురించి నేనే రాయాలనిపించింది. వేరేవాళ్లు రాస్తే మంచోడు, మంచోడు అని రాసి ఊరుకుంటారు.

వాడు మణుగూరులో నీళ్ల పంపుల దగ్గర పని చేసేవాడు. అక్కడి పిల్లలు కొందరు కలిసి పరుగు క్లబ్బు అని ఒకటి పెట్టుకున్నారు. తెల్లవారగానే అడవి దారిలో ఉరికేవాళ్లు. ఆ రోజుల్లో మా పల్లెల్లో ఊరికే ఎవరూ ఉరికేవాళ్లు కాదు. ఎవరైనా ఉరికితే, వెనక ఎవరొస్తున్నారో అని తలుపులు వేసుకునేవాళ్లం. మొదటిసారి వాడు చెమటలు కారుతూ వాకిట్లోకి వచ్చినప్పుడు నేను వాడి మొహం చూడలేదు, వాడి వెనక దారి చూశాను.

"ఎవలురా తరిమింది?"

"ఎవ్వలు లేరమ్మా. ఊకెనే ఉరికిన."

"ఊకెనే ఉరుకుతరా? పిచ్చి లేసిందా?"

నమ్మలేదు. ఏదో పిల్ల వ్యవహారం అయి ఉంటుందనుకున్నాను. చొక్కా వాసన చూశాను. సంచి వెతికాను. గ్లూకోజు పొడి, పల్లీపట్టీ, తడి సాక్సులు దొరికాయి. వాడు గుమ్మంలో నిలబడి అంతా చూస్తూనే ఉన్నాడు.

"దొరికిందామ్మా నీ కోడలు? ఆ సాక్సుల జూడు, ఆడనే దాసిన."

ఉరకబోయే ముందు గంజిలో ఉప్పు వేసుకుని నిలబడే తాగేవాడు. వచ్చాక బోరింగు దగ్గర బూట్లు కడిగి, దడి కర్రలకు బోర్లించేవాడు. గుట్ట ఎక్కేటప్పుడు తలెత్తేవాడు కాదట. "పైకి జూస్తే గుట్ట పెరుగుతదమ్మా" అనేవాడు. ఏ పందెంలోనూ ముందు వచ్చింది లేదు.

"గంత ఉరికి ఆఖరికి వస్తవేందిరా?"

"ఎనకుంటే ముచ్చట పెట్టేటోళ్లు దొరుకుతరు. ముందటోడు ఒక్కడే ఉరకాలె."

ఆ రోజు నవ్వాను. వాడు పోయాక ఆ మాటే నన్ను పీక్కుతిన్నది. వాడు పడిపోయిన రోజు, అంత వానలో, ఆఖరున ఉన్నవాడి పక్కన ఎవరుండి ఉంటారు?

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మేం ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు కోసి కట్టలు కడతాం. నారను రెండు మెలికలు తిప్పి కొసను లోపలికి దోపుతాం. తడిసినకొద్దీ బిగుస్తుంది ఆ ముడి. వాడికి చిన్నప్పుడే నేర్పాను. పెద్దయ్యాక బూట్ల తాళ్లు కూడా అట్లాగే కట్టుకునేవాడు. "ఏందిరా, బీడీలకు పోతున్నవా ఉరుకనీకి పోతున్నవా?" అని స్నేహితులు ఎగతాళి చేసేవాళ్లట.

వాడు ఆఖరిసారి ఉరికిన మారథాన్ దుమ్ముగూడెం దాటినాక గుట్టల దారిలో పెట్టారు. శ్రావణం ముసురు వదలకుండా పడుతోంది. "వానైతే ఆపుతరా?" అని అడిగాను. "మనం ఉరుకుతున్నమని వానకేం తెల్సమ్మా" అని గంజి గ్లాసు నా చేతిలో పెట్టి పోయాడు.

గుండె ఆగిందన్నారు డాక్టర్లు. వాడితో పాటు ఉరికింది ఆ కరెంటు పిల్లాడు, ఒక బడిపంతులు. ఏమైందని ఒకరిని అడిగితే, "ఆఖరి గుట్ట మీద పడ్డడు, పక్కనే ఉన్నం, వెంటనే వ్యానెక్కించినం" అన్నాడు. రెండోవాణ్ని అడిగితే అవే మాటలు, అదే వరుస. పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పారు. నిజం అంత నున్నగా ఉండదు.

తర్వాత బూట్లు కవరులో పెట్టి పంపారు. తీసి చూశాను. కుడి బూటుకు మా ముడే ఉంది, నీళ్లు తాగి రాయిలా బిగిసింది. ఎడమ బూటుకు మాత్రం కుందేలు చెవుల్లాంటి ముడి. అది నా కొడుకు కట్టింది కాదు. పడగానే ఎత్తుకొస్తే ఈ బూటు ఎవరు విప్పారు? ఎప్పుడు విప్పారు? నడవలేక కూలబడితే వదిలేసి ముందుకు పోయారేమో, దారిన పోయేవాళ్లెవరో చూసి ఎత్తారేమో. ఆ బూట్లు కడగలేదు. ఎవరినీ ముట్టనియ్యలేదు.

వాడి దినకర్మ నాడు వాళ్లిద్దరూ వచ్చారు. విస్తళ్ల ముందు కూర్చున్నాక బూట్లు తెచ్చి ఎదురుగా పెట్టాను.

"ఈ ముడి ఎవలది?"

"ఏ ముడి అమ్మా?" అన్నాడు పంతులు.

"పిల్లలకు సదువు జెప్తవు, ముడి తెల్వదా? గిది నా కొడుకుది. గిది కాదు. వాన్ని వానల ఇడిసిపెట్టి పోయిండ్రా, లేదా? గదొక్కటి చెప్పుండ్రి."

కరెంటు పిల్లాడి చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. "అది నేను కట్టిన పెద్దమ్మా."

"అబద్ధం. కట్టి చూపియ్."

పాత చీర పేలిక చింపి ఇచ్చాను. చెయ్యి తుడుచుకుని కట్టాడు. రెండు చెవులు వచ్చాయి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. బూటు మీదున్నదీ అచ్చం అట్లాగే ఉంది. అప్పుడు చెప్పాడు.

"ఆఖరి గుట్ట కింద, కాలు మొద్దుబారిందని కూసున్నడు. వాన దంచుతున్నది. ఇద్దరం ఆగినం. బూటు ఇప్పి, పాదం నా ఒళ్లె పెట్టుకొని రుద్దిన. పంతులు వాని నెత్తి మీద కవరు పట్టిండు. ఇగ చాలురా, వ్యాను పిలుస్త అన్న. ఇనలేదు. తొడుగురా, పైదాంక పోదం అన్నడు. నేనే తొడిగిన. నా ముడి జూసి నవ్విండు, గిది వానకు ఊడుతదిరా అన్నడు. లేసి నాలుగడుగులేసిండో లేదో..."

"మరి గిది ముందే ఎందుకు చెప్పలే?"

"బూటు తొడిగింది నేనే గద, పెద్దమ్మా."

పంతులు తల వంచుకున్నాడు. ఆ పిల్లాడు ఇన్నాళ్లూ నా కళ్లలోకి ఎందుకు చూడలేదో అప్పుడు తెలిసింది. వద్దన్నా వినే రకమా నా కొడుకు? కన్నదాన్ని, నాకు తెలియదా? అతని విస్తట్లో ఇంకింత అన్నం వేసి, "తిను బిడ్డా" అన్నాను. ఆఖరి ఘడియలో నా కొడుకు పాదం ఒకరి ఒడిలో ఉంది. అది ఇచ్చినవాడికి అన్నం పెట్టడం తప్ప నాకేం చేతనవుతుంది?

వాడు నవ్వాడన్నది నా కోసం కలిపిన మాటేమోనని ఇప్పటికీ ఒక అనుమానం. అడగలేదు. ముడి గురించి అన్న మాట మాత్రం వాడిదే. అట్లా అనేది వాడొక్కడే.

బూట్లు వాడు పెట్టినట్టే దడి కర్రలకు బోర్లించాను. ముసురు పట్టినప్పుడల్లా పోయి వేలితో తడిమి చూస్తాను. కుడి ముడి ఇంకా బిగుస్తోంది. ఎడమది వదులైంది, పొట్టి చెవి లోపలికి జారిపోతోంది. ఇంకా ఊడలేదు.