జేబు కొలత

మా నాన్న మ్యాన్‌హోళ్ళలోకి దిగే మనిషి. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి కోల్‌కతా వచ్చి ఈ ఊరి మురుగు ఎత్తుతున్న కుటుంబం మాది. మెషిన్లు వచ్చాయంటారు. నిజమే, వచ్చాయి. మెషిన్ పట్టని సందులు మాత్రం బోలెడున్నాయి, వాటికి నాన్నలాంటివాళ్ళున్నారు. లోపల గ్యాసు పేరుకుంటే రెండు గుక్కలకే మనిషి కూలిపోతాడు. న్యూ టౌన్‌లో ఎలక్ట్రానిక్స్ కంపెనీలో పనిచేసే నేను, ఆ గ్యాసు తగలగానే కీచుమని అరిచే చిన్న పరికరం ఒకటి తయారుచేశాను. సర్క్యూటు వారంలో అయిపోయింది. దానికి డబ్బా చేయడం దగ్గరే ప్రాణం విసిగింది.

చాందినీ మార్కెట్‌లో దొరికే డబ్బాలు ఇటుకల్లా ఉన్నాయి. నాకు జేబులో ఒదిగేది కావాలి. అందుకని కొక్కేనికి వేలాడుతున్న నాన్న చొక్కా దించి జేబు వెడల్పు, లోతు స్కేలుతో కొలిచి, ఆ కొలతకు టేకు ముక్క చెక్కి అచ్చు చేశాను. ప్లైవుడ్‌తో ఒక పెట్టె కట్టి, దాని మూతకు డ్రిల్లుతో వరసగా చిల్లులు పొడిచి, పక్కన కన్నంలో పాత వాక్యూమ్ క్లీనర్ గొట్టం దూర్చాను. అచ్చును ఆ మూత మీద పెట్టాలి. ప్లాస్టిక్ షీటును చెక్క ఫ్రేములో బిగించి హీటర్ కాయిల్ కింద పట్టుకుంటే, కాసేపటికి తాడు మీద తడిదుప్పటిలా మధ్యలో వేలాడుతుంది. అప్పుడు చటుక్కున అచ్చు మీదికి దించి క్లీనర్ ఆన్ చేస్తే, గాలి కిందికి లాగేసి షీటు అచ్చుకు అతుక్కుంటుంది. చల్లారాక ఊడదీసుకోవడమే.

చెప్పడానికేం, ఎన్నైనా చెప్పొచ్చు. మొదటి షీటు కాలి ఇల్లంతా కంపు కొట్టింది. "కొంప తగలెట్టేత్తావేటే?" అని అమ్మ అట్లకాడ పట్టుకుని వచ్చింది. రెండోది అచ్చు నుంచి ఊడి రాలేదు. అచ్చు గోడలు నిటారుగా ఉంటే రాదని, కాస్త ఏటవాలుగా ఉండాలని అప్పుడు తెలిసింది. గోడలు అరగదీసి, పౌడరు రాసి, ఏడో షీటుకు గానీ ముడతల్లేకుండా రెండు చిప్పలు రాలేదు. గ్యాసు తగలడానికి సెన్సరు దగ్గర మాత్రం చిన్న జాలీ వదిలి, వాటి మధ్య రబ్బరు పెట్టి బిగించాను. వెనక జేబుకు తగిలించుకునే క్లిప్పు. తెల్లగా, నున్నగా, కొట్లో వస్తువులా ఉంది.

నాన్న తిప్పి తిప్పి చూశాడు. "నువ్వే సేసినావా? ఓలమ్మో!" అంటూ జేబుకు తగిలించుకుని అద్దంలో చూసుకున్నాడు. ఆ రోజు నుంచీ ఇస్త్రీ చొక్కా, దాని మీద నా డబ్బా. సాయంత్రం ఛార్జింగ్‌కు పెట్టేటప్పుడు చూస్తే ఒక్క మరక ఉండేది కాదు. అబ్బ, ఏం సీలు చేశానే అని నన్ను నేనే మెచ్చుకున్నాను. సిగ్గులేనిదాన్ని.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఫోనొచ్చింది. నాన్నను తాడేసి పైకి లాగారు, ఆసుపత్రిలో ఉన్నాడు. క్యాబ్‌లో పరుగెత్తాను. నాన్నతో పనిచేసే మా వీధి మామ వార్డు బయట కూర్చుని ఉన్నాడు. ఆయనే లాగింది.

"ఊపిరి ఆడతంది, బయం లేదమ్మా," అని సంచీలోంచి మడతపెట్టిన చొక్కా తీసి నా చేతికిచ్చాడు. జేబుకు నా డబ్బా ఉంది. పచ్చదీపం వెలుగుతోంది.

"ఇది అరవలేదా మామా?"

"పైనుంటే ఎలగరుస్తాదమ్మా? గోడ మీద సొక్కాతోనే ఉంది."

"సొక్కా ఎందుకిప్పేడు?"

పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "సొక్కా ఏసుకుని దిగుతారేటి ఎవులైనా? మీ నాన్న దీన్నెంత బద్రంగా సూసుకున్నాడనుకున్నావు! ఒక్క సుక్క పడనిచ్చేవోడు కాదు. మా పాప సేసిందని సూపర్‌వైజర్ దాదాకి కూడా సూపించేడు."

నా చేతులు నరుక్కోవాలనిపించింది. గ్యాసు గురించి ఇంటర్నెట్‌లో దొరికిందల్లా చదివాను. పక్కగదిలో బీడీ కాల్చుకుంటూ కూర్చున్న మనిషిని ఒక్క మాట అడగలేదు. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. మా ఇంట్లో ఆ పని ఊసెత్తరు, నిజమే. కానీ నేను పుట్టింది ఆ ఇంట్లోనే కదా!

మూడో రోజుకు నాన్న మాట్లాడాడు, ముక్కులో గొట్టంతోనే. నాకు జాలి రాలేదు, కోపం వచ్చింది.

"సెప్పకపోతే ఎలగ నాన్నా? ఇంకోలాగ సేద్దును కదా!" అని అరిచాను. వార్డంతా తిరిగి చూసింది.

"అంత కట్టపడి సేసినావు. తెల్లగా, ముద్దుగా ఉంది. దాన్ని అందులో ముంచమంటావేటి?"

"ముంచడానికే సేసినాను!"

నాన్న దుప్పటి గుండెల మీదికి లాక్కున్నాడు. నేనూరుకోవాల్సింది. ఊరుకోలేదు.

"మళ్ళీ సేస్తాను. మెళ్ళో కట్టనా, నడుముకా, సేతికా? దిగినప్పుడు నీ ఒంటి మీద ఏటుంటాది? ముందది సెప్పు."

ఆయన పక్క మంచాల వైపు చూశాడు. గుక్క తీసుకోవడానికే తంటాలు పడుతున్న మనిషి, ఆ గుక్కను కూడా బిగబట్టి, నాకు తప్ప ఎవరికీ వినపడకుండా చెప్పాడు.

"గోసి. ఇంకేటీ ఉండదమ్మా."