వాగు పక్కన కుక్కర్

నాకు కుదురు లేదు. ఈ మాట మొదట అన్నది మా అమ్మ, తర్వాత హాస్టల్ వార్డెన్, ఆ తర్వాత ఈ దేశానికి చదువుకి వచ్చాక టార్నీట్ అనే శివారులో నాతో గది పంచుకున్న కరీంనగర్ అమ్మాయి. పళ్ళు తోముకుంటూ ఇల్లంతా తిరుగుతాను. ఫోన్లో మాట్లాడుతూ చెప్పుల్లేకుండా వీధి చివరిదాకా వెళ్ళిపోయి, కాళ్ళు చల్లబడ్డాక వెనక్కి వస్తాను. ఇక్కడ చలికాలమైన ఆ జూలైలో మాత్రం నా తిరుగుడుకి గట్టి కారణమే ఉంది. రెండుసార్లు తప్పిన సబ్జెక్టు మూడోసారి రాసి రిజల్ట్ కోసం చూస్తున్నాను. ఈసారి కూడా పోతే యూని, అంటే మా యూనివర్సిటీ, నన్ను ఉంచుకోదు. యూని లేకపోతే వీసా లేదు. అంటే పెట్టె సర్దుకుని ఒంగోలు.

రిజల్ట్ శుక్రవారం సాయంత్రం పెడతామన్నారు. నేను ఫోన్లో ఆ రిజల్ట్ పేజీని సోమవారం పొద్దుటి నుంచే చూడటం మొదలుపెట్టాను. బస్సులో, యూని క్యాంటీన్లో, స్నానానికి వెళ్ళే ముందు, వచ్చిన తర్వాత.

"శుక్రారం దాంక రాదని రాసిండ్రు గదనే. నువ్వు గట్ల గీకినకొద్దీ జల్ది వస్తదా?" అంది మా రూమ్మేట్.

"ముందే పెట్టేస్తారేమోనని చూస్తున్నానే."

"జర కూసో. నిన్ను జూస్తుంటే నా తల తిరుగుతుంది."

ఆ పిల్ల నాకు పూర్తిగా వ్యతిరేకం. ముసలివాళ్ళ హోంలో పార్ట్‌టైం చేస్తూ, చదువుకుంటూ, ఒక్కరోజు కూడా హడావుడి పడగా చూడలేదు. మంచమ్మీద పద్మాసనం వేసుకుని కూర్చుందంటే అన్నం ఉడికేదాకా లేవదు. ఆ నిమ్మళం చూస్తే నాకు ఒక్కోసారి ఒళ్ళు మండేది. నీకేం తెలుసు, పోయేది నేను కదా అనుకునేదాన్ని.

బుధవారం రాత్రి భోజనం దగ్గర ఆమె ఒక నిర్ణయం ప్రకటించింది. శుక్రవారం పొద్దున్నే క్యాంపింగ్‌కి పోతున్నాం, ఫోన్ పనిచేయని చోటికి, రెండు రాత్రులు. ఆదివారం తిరిగొచ్చాకే రిజల్ట్ చూడాలి. టెంటు ఎవరిస్తారని అడిగితే, "మీ చర్చి అంకుల్‌కి ఉన్నది గద" అంది. అప్పటికే ఆయనకి ఫోన్ కూడా చేసేసిందట.

ఆ అంకుల్ తెనాలి వైపు ఆయన. పిల్లల్ని తీసుకుని ఏడాది పొడవునా అడవులు తిరుగుతారు. టెంటుతో పాటు చిన్న గ్యాస్ స్టవ్వూ, ఒక పారా ఇచ్చారు. "అది క్యాంప్‌గ్రౌండ్ కాదమ్మా, ఊరికే స్టేట్ ఫారెస్ట్. బుకింగ్ ఉండదు, టాయిలెట్ ఉండదు, ట్యాప్ ఉండదు. ఎక్కడ నచ్చితే అక్కడ టెంటేస్కోవడమే. రోడ్డు కొండ మీద పోద్ది. దానికి దక్షిణం వైపు మట్టిదారిలో దిగారనుకో, వాగొస్తది. సిగ్నల్ జీరో. మరీ అవసరమైతే మళ్ళా కొండ మీదకి రావాలి" అన్నారు.

సిగ్నల్ జీరో అన్నది విని మా రూమ్మేట్ మొహం వెలిగింది. నేను చివరి వాక్యాన్ని జాగ్రత్తగా మనసులో దాచుకున్నాను.

కారు సర్దేటప్పుడు చూస్తే వెనక సీట్లో ప్రెషర్ కుక్కర్ కూర్చుని ఉంది, దాని మీద మెత్తటి తువ్వాలు కప్పి.

"అడవికి కుక్కరేంటే? బ్రెడ్డు కొనుక్కుందాం."

"బ్రెడ్డు తిని మనుషులు పంటరా? పప్పన్నం లేకుంటే నాకు నిద్ర పట్టదు."

అడవి మొదలయ్యేసరికి నాకు నవ్వొచ్చింది. అన్నీ జామాయిల్ చెట్లే. మా ప్రకాశం జిల్లాలో జామాయిల్ అంటే తాడు పట్టి వరసలు గీసి నాటేది, పేపరు మిల్లుకి నరికి పంపేది. ఇక్కడ వాటిని ఎవరూ నాటలేదు, వరస అన్నదే లేదు, ఒక్కో మాను నలుగురు కలిసి చేతులు చాపినా అందనంత లావు. బెరడు పాత చీరపేలికల్లా వేలాడుతోంది. వాసన మాత్రం అచ్చం మా ఊరి వాసనే.

వాగు పక్కకి దిగాక అసలు చిక్కు మొదలైంది. ఎక్కడైనా టెంటు వేసుకోవచ్చు అన్నారు, అదే నా ప్రాణానికి వచ్చింది. అంతవరకు నా బతుకంతా నంబర్లే. హాస్టల్లో మంచం నంబరు, పరీక్ష హాల్లో బల్ల నంబరు, విమానంలో సీటు నంబరు. ఇక్కడ చెప్పేవాడు లేడు. మొదట ఇసుక దగ్గర వేశాం, నీళ్ళకి మరీ దగ్గరని నేనే తీయించాను. ఫెర్న్ మొక్కల పక్కన వేశాం, పైన ఎండుకొమ్మ ఉందని తీయించాను. మూడోచోట ఆమె మేకు నేలలో దించి, దాని మీద కాలు పెట్టి నిలబడింది. "ఇగ నువ్వు నోరు మూసుకో" అంది.

అప్పుడు తల ఎటు పెట్టుకోవాలన్న సంగతి వచ్చింది. ఉత్తరం వైపు తల పెట్టి పడుకోకూడదని ఆమె పట్టు. మేమైతే ప్రార్థన చేసుకుని ఎటైనా పడుకుంటామని ఏడిపించాను గానీ, నిజం చెప్పొద్దూ, మా నాయనమ్మ కూడా ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషే, ఉత్తరం వైపు తలగడ వేస్తే మాత్రం ఊరుకునేది కాదు. మా రూమ్మేట్ నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చెట్ల మధ్య నుంచి మధ్యాహ్నపు సూర్యుణ్ణి చూసింది.

"చలికాలంల ఎండ దక్షిణం దిక్కుకెల్లి వడ్తది. గటు దక్షిణం. తలలు గటే."

నాకూ అది సబబుగానే తోచింది. మా ఇంట్లోనూ క్రిస్మస్ రోజుల్లో ఎండ దక్షిణపు వరండాలోకే వచ్చేది, అప్పడాలు అక్కడే ఆరబెట్టేవాళ్ళం. దిండ్లు అటే వేశాం.

తెచ్చుకున్న పులిహోర తిన్నాక ఆమె ఉన్న కాస్త ఎండముక్కలో చాప వేసుకుని వెల్లకిలా పడుకుంది. నేను పార తీసుకుని దూరంగా వెళ్ళి మరుగుకి గొయ్యి తవ్వాను. చెంబు పట్టుకుని ఆరుబయటకి పోయే రోజులు మా నాయనమ్మతోనే అయిపోయాయనుకున్నాను, సముద్రాలు దాటి వచ్చి మళ్ళీ మొదలుపెట్టాను. తర్వాత రాళ్ళు పేర్చాను. వాగు దాటాను, మళ్ళీ ఇటు దాటాను. ఆ నిశ్శబ్దం నాకు పడలేదు. ఎక్కడో ఒక పిట్ట మనిషిలా పగలబడి నవ్వితే, నన్ను చూసే నవ్విందనిపించింది. జేబులో ఫోన్ బండరాయిలా బరువెక్కింది. ఈపాటికి రిజల్ట్ పెట్టేసి ఉంటారు. నా పేరు పక్కన ఏదో ఒకటి ఉండే ఉంటుంది, అదేమిటో నాకొక్కదానికే తెలియదు.

"పుల్లలు ఏరుకొస్తా" అన్నాను.

"దూరం వోకు" అంది, కళ్ళు తెరవకుండానే.

మట్టిదారి మెలికలు తిరుగుతూ కొండ మీదకి పోతుంది. దాదాపు పరుగుమీద ఎక్కాను. పైకి చేరాక రోడ్డు పక్కన సిగ్నల్ రాలేదు. ఫోన్ తలపైకెత్తి పట్టుకుని చెట్లలోకి కాస్త ఇటు, కాస్త అటు నడిచాను. కొండ పైభాగం బల్లపరుపుగా ఉంది, చుట్టూ ఒకేలాంటి మానులు. ఒక గీత వచ్చింది, పోయింది. దాని వెంట తిరిగి తిరిగి చివరికి తల దించి చూస్తే రోడ్డు లేదు, దారి లేదు, నేను ఎటునుంచి వచ్చానో గుర్తు లేదు.

అయినా అప్పటికి భయపడలేదు. తెలివైనదాన్ని కదా. అంకుల్ చెప్పింది గుర్తు చేసుకున్నాను. వాగు కొండకి దక్షిణాన ఉంది. చలికాలం ఎండ దక్షిణం నుంచి పడుతుంది. అంటే ఎండ మొహాన పడేట్టు దిగితే నేరుగా టెంటు దగ్గరికే చేరతాను. అలాగే దిగాను. బెరడు పేలికల మీద జారుతూ, కొమ్మలు పట్టుకుంటూ చాలాసేపు దిగాను. కిందికి చేరితే అక్కడ వాగు లేదు. తుప్పలు, రాళ్ళు, పొడిగా ఉన్న ఒక లోయ. పిలిచాను. నా గొంతు నాకే సన్నగా వినిపించింది.

అప్పుడు వచ్చింది భయం. ఎండ అప్పటికే ఎర్రబడింది. నేను టెంటు వదిలి వచ్చానని ఒక్క మనిషికే తెలుసు, ఆమె కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. రిజల్ట్ సంగతి పూర్తిగా మరిచిపోయాను. వచ్చిన వైపే మళ్ళీ పైకి పాకాను, చేతులు గీసుకుపోయాయి, ఊపిరి అందలేదు.

పైకి చేరి ఒక మానుకి ఆనుకుంటే జేబులో ఫోన్ వణికింది. రెండు గీతలు. ఎవరికైనా ఫోన్ చేద్దామని తీస్తే ముందుగా ఆ పేజీయే తెరుచుకోవడం మొదలైంది. పైన యూని గుర్తు వచ్చింది. కింద తెల్లగా ఉంది. గుండ్రం తిరుగుతోంది.

సరిగ్గా అప్పుడే విన్నాను. నా వెనక, నేను దిగిన వైపుకి పూర్తిగా అవతల, లోతులోంచి సన్నగా, పొడుగ్గా ఒక కూత. ఏ పిట్టదీ కాదు. పుట్టిన దగ్గర్నుంచి ప్రతి పొద్దూ నేను విన్నదే. కుక్కర్ విజిల్.

ఆగింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ మళ్ళీ వచ్చింది. పప్పుకి అన్ని విజిల్స్ అక్కర్లేదు. ఆ మాట తోచేసరికి ఏడుపు వచ్చేసింది. అది వంట కాదు, నన్ను పిలుస్తోంది.

ఫోన్ వైపు చూశాను. గుండ్రం ఇంకా తిరుగుతోంది. ఇంకాసేపు నిలబడితే తెలిసిపోయేది. కానీ అంకుల్ ఇచ్చింది చిన్న గ్యాస్ డబ్బా. అది ఎప్పుడు అయిపోతుందో, ఏ కూత ఆఖరిదో ఎవరికి తెలుసు? ఫోన్ జేబులో పడేసి కూత వచ్చిన వైపుకి దిగాను. ఆగినప్పుడల్లా ఆగాను, వినిపించినప్పుడల్లా కదిలాను. చివరికి చెట్ల సందున మా నీలం టెంటు కనిపించింది.

ఆమె స్టవ్వు ముందు మోకాళ్ళ మీద కూర్చుని కుక్కర్లో మళ్ళీ నీళ్ళు పోస్తోంది. నన్ను చూసి లేచింది. కొడుతుందనుకున్నాను. చెంబు పక్కన పెట్టి, నా తలలోంచి ఎండాకులు ఏరింది.

"పుల్లలేవే?" అంది.

ఆ రాత్రి జావలా అయిపోయిన పప్పన్నం తిన్నాం. కొండ మీద సిగ్నల్ వచ్చిందా అని ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

పొద్దున టెంటులోంచి తల బయటపెట్టి ఆమె కేకేసింది. మేం పడమర అనుకున్న వైపు ఆకాశం భగభగా ఎర్రగా ఉంది, అక్కడి నుంచే సూర్యుడు లేస్తున్నాడు. ఇద్దరం కళ్ళు నులుముకుని చాలాసేపు చూశాం. భూమధ్యరేఖకి దిగువనున్న ఈ దేశంలో మధ్యాహ్నపు ఎండ ఉత్తరం నుంచి పడుతుందని నాకు అప్పుడు గాని వెలగలేదు. నిన్నంతా ఎండ కొండ వైపు నుంచే పడింది, ఆ కొండేమో మాకు ఉత్తరాన ఉంది. ఈ రెండూ కలిపి చూసుకునే జ్ఞానం ఇద్దరికీ లేకపోయింది, ఇద్దరం మాస్టర్స్ చదువుతున్నాం.

"ఓయమ్మో! రాత్రంత ఉత్తరం దిక్కు తల వెట్టి పండినమే!"

"అందుకే నాకు పీడకలలొచ్చాయి."

"నాకైతే కలలు రాలే. నిద్రే రాలే" అంది. నవ్వలేదు. వెంటనే టెంటు మేకులు పీకడం మొదలుపెట్టింది. "ఇంటికి పోదాం పా."

"ఆదివారం దాకా అన్నావుగా?"

"పోదాం పా అంటున్న గద."

చెత్తంతా సంచిలో కట్టుకుని, గొయ్యి పూడ్చి బయల్దేరాం. అడవి దాటి, గొర్రెల పొలాల మధ్యకి వచ్చాక నా ఫోన్ ఒక్కసారిగా మోగడం మొదలుపెట్టింది. ఆమె రోడ్డు పక్క కంకర మీదకి తిప్పి కారు ఆపింది. స్టీరింగ్ వదల్లేదు.

"చూడు."

ఈసారి పేజీ వెంటనే తెరుచుకుంది. నా పేరు, సబ్జెక్టు పేరు, పక్కన మార్కు. రెండోసారి కూడా చదివాను.

"పాస్" అన్నాను.

ఆమె తలుపు తీసుకుని దిగిపోయింది. వాంతి చేసుకుంటుందేమోనని నేనూ దిగాను. పొలం కంచె వెంట చేతులు ఊపుకుంటూ గబగబా అటు నడిచింది, ఇటు నడిచింది. అంత వేగంగా నడవటం నేనెప్పుడూ చూడలేదు.

"నీకోసం తోలుకొచ్చిననుకుంటున్నవా అడివికి? నేను జూడలేక వచ్చిన! నువ్వు పొద్దుమాపు ఆ ఫోన్ గీకుతుంటే నా పానం ఆగమైతుండె. నువ్వు వోతే ఈ దేశంల నాకెవరున్నరే? ఆ గదిల నేనొక్కదాన్ని ఎట్లుండాలె?"

నడక ఆగలేదు. ఇన్ని రోజులూ ఆ ఎదురుచూపు నాదొక్కదానిదే అనుకున్నాను. మంచమ్మీద కదలకుండా కూర్చున్న మనిషి లోపల ఏం తిరుగుతోందో ఒక్కసారి కూడా అడగలేదు.

నేను కారు చక్రానికి ఆనుకుని కంకర మీద కూర్చున్నాను. లేవాలనిపించలేదు.

"కాస్త కూర్చోవే" అన్నాను.

"కూసోను."

కంచె చివరిదాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది. ఆమె నడక అయ్యేదాకా నేను అక్కడే కూర్చున్నాను.