అక్కకు దక్కిన ఇంగ్లీషు పేరు

మొన్న మా మనవరాలు బడి పుస్తకం ముందేసుకుని, ఇంగ్లీషువాళ్ళ ఇంటిపేర్లు చాలావరకు వాళ్ళ పెద్దల చేతిపనుల నుంచే వచ్చాయట అవ్వా, స్మిత్ అంటే కమ్మరి, టేలర్ అంటే దర్జీ అని అప్పజెబుతూ, బాక్స్టర్ అంటే ఒకప్పుడు రొట్టెలు కాల్చే ఆడమనిషి అనేసరికి, ఎన్నేళ్ళ నాటిదో నా కడుపుమంట మళ్ళీ రాజుకుంది.

ఆ మాట నేను కువైట్‌లోనే విన్నాను. అక్కడి జాబ్రియా పేటలో ఒకే ఇంట్లో మా ఇద్దరికీ పని; నేను అక్కా అని పిలుచుకునే రాజంపేట ఆవిడది వంట, నాది ఊడవడం, ఉతకడం. ఇరాక్ సైనికులు వచ్చిపడి తెల్లవాళ్ళ కోసం ఇల్లిల్లూ గాలిస్తుంటే, అరబ్బీలో అమ్మ అన్నట్టు మేము మామా అని పిలిచే మా యజమానురాలు, పక్కింటి ఇంగ్లీషు టీచరమ్మను తెచ్చి మా వెనక గదిలో దాచింది. రొట్టెల దుకాణాల ముందు బారులు, అంగళ్ళలో ఈస్టు లేదు. అక్క మాత్రం రోజూ పిండిలో ఒక ముద్ద మిగిల్చి, పులియబెట్టి, మరునాటి పిండిలో కలిపి రొట్టెలు కాల్చేది. అవి తిన్న టీచరమ్మ, తన ఇంటిపేరు బాక్స్టర్ అనీ, దాని అర్థం ఇదనీ, తనకేమో పిండి పిసకడం కూడా రాదనీ అరబ్బీలో చెప్పి నవ్వి, అసలు బాక్స్టర్ నువ్వేనంది. ఆనాటి నుంచి ఇంటిల్లిపాదికీ అక్క బాక్స్టరే. చీపురు పట్టినదానికి పేరెవరు పెడతారు? చెప్పుకోవడానికి సిగ్గే గానీ, అక్క మీద కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. ఒక మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా ఆ పులిసిన ముద్దను పారబోసి నీళ్ళు వదిలేశాను.

మర్నాడు రొట్టె లేదు. అక్క, మామా వేసుకునే నల్ల ముసుగు అబాయా కప్పుకుని, తుపాకుల మధ్య బారులో నిలబడడానికి వెళ్ళింది. పొద్దున పోయిన మనిషి సాయంత్రమైనా రాకపోతే, నా చేతులారా చంపుకున్నానే అని తలుపు దగ్గర కూలబడి ఏడ్చాను. చివరికి వచ్చింది, ఎండకు మొహం కమిలిపోయి, నాలుగే నాలుగు రొట్టెలతో. ఒకటి తుంచి మొదట నాకే పెట్టి, "పారబోసింది నువ్వేనని నాకెరికలే మే. అడిగింటే నేను నేర్పనంటినా?" అంది. మరునాడు కొత్త ముద్ద నాచేతే కలిపించింది. మామాకు చెప్పనేలేదు.

టీచరమ్మ వాళ్ళ దేశం చేరింది. నేను బస్సెక్కి ఎడారి దాటి వచ్చేశాను. అక్క మామాను వదిలి రానని ఉండిపోయింది. ఆ తర్వాత ఏమైందో ఎవరినడిగినా తెలియలేదు.

ఇప్పుడు ఏ అంగట్లో అడిగినా ఈస్టు పొట్లం ఇస్తారు, రేపటికని ముద్ద మిగిల్చే వాళ్ళే లేరు. నేను మాత్రం మిగులుస్తూనే ఉన్నాను. మనవరాలు నా రొట్టె కొరికి, అయితే బాక్స్టర్‌వి నువ్వే కదా అవ్వా అంది. ఆ పేరు మీద ఆశ నాకింకా చావలేదు. అయినా, నాది కాదమ్మా, అది మా అక్క పేరు అన్నాను.