ఐదు నిమిషాల బాబాయ్

ఏ పనైనా ఐదు నిమిషాల్లో తేల్చేస్తాడని ఆస్పత్రి ల్యాబు మెకానిక్కుని అందరూ ‘ఐదు నిమిషాల బాబాయ్’ అంటారు. చెవి మీద సగం పెన్సిలు, ఎవరేం చెప్పినా తల ఎత్తకుండానే ఒక "ఊఁ". రక్తపరీక్ష యంత్రం ఏ ఫలితమైనా పంపే ముందు "సిద్ధమేనా?" అని ఒక తీగ మీద కంప్యూటర్ని అడగాలి, అది ఇంకో తీగ మీద సరే అన్నాకే పంపాలి. అంత దూరం తీగలు లాగడం బాబాయ్‌కి దండగ పని. ఆ రెండింటినీ యంత్రం వైపు ప్లగ్గులోనే కలిపి టంకం పెట్టేశాడు. యంత్రం అడిగిందే దానికి జవాబై తిరిగొస్తుంది. మొన్న కంప్యూటర్ వేరే పనిలో మునిగి ఉంటే, యంత్రం తన పాటికి తాను పంపుకుంటూ పోయింది. పదకొండు మంది ఫలితాలు గాల్లో కలిశాయి.

"అందులో పిన్నిగారిదీ ఉంది బాబాయ్," అంది ల్యాబు అమ్మాయి.

ఉలిక్కిపడ్డాడు. కేబుల్ ఊడబీకి ఇంటికి తెచ్చి, పరీక్ష ఎందుకని భార్యని నిలదీశాడు.

"నెల రోజులుగా కళ్ళు తిరుగుతున్నాయని మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ ఊఁ అన్నారు," అందామె కూర తరుగుతూ. కత్తి పక్కన పెట్టి, "రేపు మళ్ళీ రక్తం ఇవ్వాలట. భయంగా ఉంది. తోడొస్తారా?" అంది.

బాబాయ్ కళ్ళద్దాలు ముక్కు మీదికి దించుకుని, రెండు తీగల్నీ విడదీయడానికి ప్లగ్గులో టంకం కరిగిస్తున్నాడు.

"ఊఁ," అన్నాడు.